బొడ్రాయి పక్కకు జరిగింది

మా మేనకోడలు ముబీన తోలు చెప్పులు ఎరగదు. అది నడక నేర్చినప్పటి నుంచి దాని జోళ్ళు కుట్టింది నేనే. అడుగున మందంగా ఏకిన దూది, దాని మీద పాత గొంగడి ముక్క, పైన మెత్తటి గలేబు గుడ్డ. నాకు కర్నూలు వన్‌టౌన్‌లో పరుపుల కొట్టు ఉంది. మా నాయన దూదేకిన విల్లు ఇప్పటికీ గోడకు వేలాడుతోంది గానీ నేను మాత్రం మిషను మీదే ఏకుతాను. పరుపులవాడివి నీకు జోళ్ళెందుకయ్యా అని పక్క కొట్లవాళ్ళు ఎగతాళి చేసేవారు. మీరు పడుకునే పరుపులు కుడుతున్నాను, మా కోడలు నడిచే పరుపులు కుడుతున్నాను, రెండూ ఒకటే పని అనేవాణ్ణి.

నిజానికి ఒకటే పని కాదు. ఆ జోళ్ళు సుఖం కోసం కుట్టినవి కావు, చప్పుడు కాకుండా ఉండడానికి కుట్టినవి. ముబీన పుట్టి పెరిగిన ఇల్లు వింధ్య కొండల నుంచి కన్యాకుమారి దాకా ఉన్న నేలకంతటికీ నడిమధ్యన ఉండేది. నడిమధ్య అని మాటవరసకు అనడం లేదు. కొలిచి, లెక్కగట్టి, గుంత తవ్వి తేల్చిన నడిమధ్య అది. అక్కడ ఎవరూ నేల మీద గట్టిగా అడుగు వేయకూడదు.

ఆ చోటును కనిపెట్టింది హైమావతి మేడం. మా చెల్లెలు రమీజకు యూనివర్సిటీలో భూమి శాస్త్రం చెప్పిన మనిషి. చీరకొంగు నడుముకు దోపుకుని కుర్రాళ్ళ కంటే ముందు కొండెక్కే రకం. సముద్రం ఒడ్డును కొట్టే దెబ్బ రాతిలోంచి వందల మైళ్ళు పాకుతుందని ఆవిడ చెప్పేది. నేలలోకి ఎక్కడ చెవి దించినా ఆ హోరే వినబడుతుంది. ఆ హోరు కింద నేల సొంత గొంతు ఒకటి ఉంది. పెద్ద భూకంపం రాబోయే ముందు నేల నెలల తరబడి సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు వినగలిగితే జనాన్ని ముందే తప్పించవచ్చు. కానీ సముద్రం విననివ్వదు. అయితే నేలకంతటికీ ఒకే ఒక మధ్య చోటు ఉంది, అక్కడ తూర్పు ఒడ్డు దెబ్బ, పడమటి ఒడ్డు దెబ్బ వచ్చి ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి, అక్కడ మాత్రం నేల గొంతు ఒక్కటే మిగులుతుంది. ఇదీ ఆవిడ లెక్క.

మొదటి గుంత తప్పు చోట తవ్వారు. లోతుగా బోరు వేసి, కొసన పరికరం కట్టిన కడ్డీ దించితే, చెవుల్లో సముద్రం తప్ప మరేమీ లేదు. ఎక్కడ తప్పామో అంతుపట్టక, ఆ వేసవిలో మేడం రమీజతో కలిసి మా ఇంటికి వచ్చింది. నేను పుచ్చకాయ కోసి పెట్టాను. ఆవిడ ఒక ముక్క తిని, ఆ పెచ్చును కత్తితో చెక్కడం మొదలుపెట్టింది. పైన వెడల్పు, కింద మొన, అచ్చం వింధ్యకు దిగువనున్న మన నేల బొమ్మలా.

"దస్తగిరీ, ఈ పెచ్చు బరువుకు మధ్య ఎక్కడుందో చూపించు" అంది.

నేను పెచ్చు నడుమ వేలు పెట్టాను. పరుపులవాడికి మధ్య చూపించడం ఎంత పని!

"అక్కడ కాదు. పెచ్చు వంపు తిరిగి ఉంది కదా. దాని బరువు మధ్య పెచ్చులో లేదు. ఇదిగో, ఈ వంపు కింద, గాలిలో ఉంది. కాయ నడిగుండె నుంచి బయలుదేరి, గాలిలో ఉన్న ఆ చుక్క మీదుగా తిన్నగా పైకొస్తే పెచ్చును ఎక్కడ తాకుతామో, అదీ మధ్య." ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "మనం ఏం చేశాం రమీజా? పెచ్చును బల్ల మీద పెట్టి నొక్కేసి, చదును చేసి కొలిచాం. నొక్కితే అంచులు సాగవూ?"

అంతే, మిగతా కాయ అలాగే వదిలేసి ఇద్దరూ వెళ్ళిపోయారు. వాళ్ళ వాటా కూడా నేనే తిన్నాను.

రెండో గుంత మొదటిదానికి ఏడెనిమిది మైళ్ళు దక్షిణాన, ఉడుముల మిట్ట మీద తవ్వారు. అదొక ఎర్రబండల మిట్ట. ఊరు లేదు, పొలం లేదు, మేకలవాళ్ళు తప్ప ఎవరూ పోని చోటు. ఆ రోజు రమీజ ఫోన్‌లో ఏడుస్తూ నవ్వింది. "అన్నా, మొదట సముద్రమే వినపడె. కడ్డీని కొంచెం కొంచెం జరిపినాము. ఉన్నట్టుండి ఎవురో తలుపేసినట్ల అయిపాయ. ఏం లేదన్నా, ఏమీ లేదు. అంత నిమ్మళం నేను యాడా వినలా."

ఆ పరికరానికి నేలచెవి అని పేరు పెట్టారు. చుట్టుపక్కల జనం మాత్రం ఆ చోటును దేశం బొడ్రాయి అన్నారు. ప్రతి ఊరికీ నడుమ బొడ్రాయి పాతుతారు కదా, దేశానికీ ఒకటి దొరికిందన్నమాట.

నేలచెవి పక్కన కాపురం ఉండి రాత్రీ పగలూ కనిపెట్టుకునే మనుషులు కావలసి వచ్చారు. చుట్టూ రెండు మైళ్ళ దాకా మోటారు రాకూడదు, గొడ్డు నడవకూడదు. పిల్లలు లేని దంపతులైతే మంచిదని పైవాళ్ళు అన్నారు. రమీజకూ ఆమె మొగుడు మౌలాలికీ పెళ్ళై తొమ్మిదేళ్ళు. మౌలాలి అక్కడి ఎండ కరెంటు పలకలు, బ్యాటరీలు చూసుకునే మనిషి. మీకంటే తగినవాళ్ళెవరున్నారు అన్నారట. ఆ మాట రమీజకు ఎక్కడ గుచ్చుకుందో నాకు తెలుసు. అయినా ఒప్పుకుంది.

నెలకోసారి నేను సరుకులు తీసుకుపోయేవాణ్ణి. ఆ రెండు మైళ్ళ హద్దుకు పాతిన గట్టు రాళ్ళ దగ్గర ఆటో ఆపి, జోళ్ళు మార్చుకుని, మూట నెత్తిన పెట్టుకుని రెండు మైళ్ళు మెత్తగా నడవాలి. రోలూ రోకలీ లేని ఇల్లది. పప్పు రుబ్బకూడదు, తలుపు దబ్బున వేయకూడదు. మాటలకు మాత్రం అడ్డు లేదు, మాటకు నేల అదరదు. నేల మీద గచ్చు కనబడకుండా నా చేతి బొంతలే పరిచాను. ఇంటి కింద నేలమాళిగలో తెర మీద ఒక గీత సాగుతూ ఉండేది. ఇంట్లో ఏం చేసినా ఆ గీత మీద దాని ఆకారం పడేది. గిన్నె కింద పెడితే ఒక తీరు, మౌలాలి మెట్లు దిగితే ఒక తీరు. రమీజ వాటిని గుర్తుపట్టి, ఇంటి చప్పుడు అని రాసి తుడిచేసేది. అలా తుడవకపోతే యంత్రం వాటిని నేల మూలుగు అనుకుంటుంది. పెట్టిన రెండో ఏడే నేలచెవి పడమటి కనుమల్లో ఒక భూకంపాన్ని ముందుగా పసిగట్టింది. అక్కడ ఇళ్ళు కూలాయి గానీ, అప్పటికే జనం బయట టార్పాలిన్ల కింద ఉన్నారు. ఆ వార్త విని మా కొట్టు ముందు మిఠాయి పంచాను.

మూడో ఏడు రమీజ కడుపుతో ఉంది. అల్లా ఆలస్యంగా ఇచ్చాడు, ఇచ్చేదేదో అక్కడే ఇచ్చాడు.

పైవాళ్ళు వాళ్ళను మార్చేద్దామన్నారు. రమీజ చెవి ఇంకెవరికీ రాదని హైమావతి మేడం గట్టిగా పట్టుబట్టింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. పిల్ల చప్పుడు ఒక హద్దు దాటకూడదు. పదే పదే దాటితే పిల్లను హాస్టల్లో పెట్టాలి. అలా ముబీన బొంతల మీద పారాడి, దూది జోళ్ళతో నడిచి, గుడ్డ బొమ్మలతో ఆడుకుంటూ ఏడేళ్ళది అయింది. బంతి ఎలా ఉంటుందో దానికి బొమ్మల్లోనే తెలుసు. నేను పోగానే మునివేళ్ళ మీద వచ్చి, నా చెయ్యి పట్టుకుని ఊగేది. ఎగరడం మాత్రం ఎగరదు. ఆ పిల్లను చూసి తిరిగొచ్చిన ప్రతిసారీ బజారు రొద నాకు పాపంలా అనిపించేది.

ఆ ఏడాది మొదట్లో ఒకసారి పోయినప్పుడు రమీజ నన్ను పక్కకు పిలిచింది. మొహం వెలిగిపోతోంది.

"అన్నా, నీ కోడలు ఉరుకుతాది."

"ఎప్పుడు?"

"నేను కింద ఉన్నప్పుడు, దొంగతనంగా. గీత మీద సన్న సన్న చుక్కలు వరసగా పడతాయి, కోడిపిల్ల నడిచినట్ల. మొదట ఏందో అనుకుంటి. వాళ్ళ నాయన అడుగు కాదు, గాలి కాదు. ఇంగెవురు?"

"హద్దు దాటదా మరి?"

"తుడిచేస్తాండా. ఇంటి చప్పుడని గూడా రాయను. రాస్తే పిల్లను పంపించమంటారు గదా." కళ్ళు తుడుచుకుంది. "నేను పైకి వచ్చేసరికి ఏమీ ఎరగనట్ల కూసోనుంటాది, దొంగముండ. నేనూ ఎరగనట్లే ఉంటా. ఎప్పుడన్నా ఉరకనీ అన్నా. పిల్ల గదా."

నాకూ సంతోషమేసింది. ఆ ఇంట్లో ఎవరో ఒకరు రూలు తప్పుతున్నారని తెలిస్తే గుండె తేలికపడింది. ముబీన దగ్గరకు పోయి, "ఏమే దొంగా, అమ్మ కిందికి దిగుతానే ఉరుకుతాండావంట?" అని చక్కిలిగిలి పెట్టాను. అది నా మొహంలోకి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వింది.

ఆ తరవాత పోయినప్పుడల్లా రమీజ నాకు ఆ చుక్కల సంగతే చెప్పేది. ఈ నెల ఎక్కువ ఉరికింది అన్నా, నిన్న రెండుసార్లు ఉరికింది అన్నా అని. పక్కింటివాళ్ళకు పిల్లల మార్కులు చెప్పుకునే తల్లుల్లా చెప్పేది. మొగుడికి మాత్రం చెప్పలేదు. మౌలాలి భయస్తుడు.

వానలు వెనకబట్టిన రోజుల్లో కొత్త జోళ్ళు తీసుకుని వెళ్ళాను. ఈసారి పచ్చ గలేబు గుడ్డ వేసి కుట్టాను. రమీజ వాటిని పిల్ల కాళ్ళకు తొడిగి, బుగ్గ గిల్లి, మధ్యాహ్నం నేలమాళిగలోకి దిగింది. మౌలాలి కంచె దగ్గర పలకలు తుడుస్తున్నాడు. నేనూ ముబీనా అన్నం తిన్నాం. కథ చెప్పమంది. ఏనుగు మీద పరుపు కుట్టిన సాయిబు కథ ఒకటి అల్లి చెప్పాను. సాయిబు ఏనుగెక్కక ముందే అది నిద్రపోయింది, కాళ్ళు నా ఒళ్ళో పెట్టి. లేపడం ఎందుకని నేనూ గోడకు ఆనుకుని కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా రమీజ నవ్వుకుంటూ పైకి వచ్చింది.

"ఏం దూది పెట్టినావన్నా ఈసారి? కొత్త జోళ్ళని ఒకటే ఉరుకుడు! తుడిచి తుడిచి చెయ్యి నొప్పొచ్చె."

"ఎవరే ఉరికేది? అన్నం తిని పండుకున్నది ఇంకా లేయలా" అన్నాను.

ఆమె మొహం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. పిల్ల కాళ్ళ వైపు చూసింది. కొత్త జోళ్ళ అడుగున ఇంత దుమ్ము కూడా అంటలేదు. మరుక్షణం రమీజ వెనక్కి తిరిగి పరిగెత్తింది. ఆ ఇంట్లో ఒక మనిషి పరిగెత్తగా చూడడం నాకదే మొదటిసారి. మెట్ల మీద ఆమె అడుగులకు గిన్నెలు గలగలమన్నాయి.

రమీజ కింద నుంచే తూర్పు తీరం ఆఫీసులకు హెచ్చరిక పంపింది. అది అందిన కాసేపటికే తూర్పున సముద్రం కింద నేల విరిగింది. మా దగ్గర కుండలో నీళ్ళు వణికాయి, అంతకు మించి ఏమీ కాలేదు. అక్కడ పీతలదిబ్బ అనే ఊరు, దాని చుట్టుపక్కల పల్లెలు, వాటి చెరువులు, కొబ్బరితోటలు ఒక పెద్ద ముక్కగా కుంగి సముద్రంలోకి పోయాయి. పరిగెత్తగలిగినవాళ్ళు బతికారు. ముసలివాళ్ళు, బాలింతలు, చంకన పిల్లలున్నవాళ్ళు చాలామంది మిగల్లేదు.

ఆ తరవాత రోజులు నేను అక్కడే ఉన్నాను. రమీజ రేడియో ముందు నుంచి లేవలేదు. ముద్ద కలిపి చేతికిస్తే అలాగే పట్టుకుని కూర్చునేది. మౌలాలికి అప్పుడే అంతా తెలిసింది. మొదట కోప్పడ్డాడు, తరవాత బతిమాలాడు.

"చెప్పొద్దు రమీజా. తుడిచినాక ఏముంది, ఎవురికి తెలుస్తాది? నువ్వు హెచ్చరిక పంపబట్టే కొందరన్నా బతికినారు. చెప్తే బిడ్డను ఏం జేస్తారో ఏమో. బావా, నువ్వన్నా చెప్పు."

చెప్పమంటే ఒక ఇల్లు పోతుంది, వద్దంటే ఏం పోతుందో నాకు తెలియదు. మంచినీళ్ళు తాగమని మాత్రం చెప్పాను.

కొన్నాళ్ళకు హైమావతి మేడం వచ్చింది. కొండలెక్కే మనిషి గట్టు రాళ్ళ నుంచి మా దాకా రావడానికి మూడుచోట్ల కూర్చుంది. నేలమాళిగలోకి దిగి చాలాసేపు విని పైకి వచ్చింది.

"సముద్రం వినిపిస్తోంది రమీజా" అంది.

తూర్పున అంత నేల పోయింది కాబట్టి మిగిలిన నేల బరువుకు మధ్య మారిపోయింది. ఆవిడ లెక్క కొత్తగా వేసుకొచ్చింది. వాకిట్లో నిలబడి పడమటికి కొలిచి, ఒక తెల్లటి రాయి పాతించింది. ఎంతో దూరం లేదు. పందిరి వేస్తే రెండు వరసల విస్తళ్ళు పడేటంత.

"అంత నేలకు ఇంతేనా మేడం?" అని అడిగాను.

"దేశం పెద్దది దస్తగిరీ. ఎంత పోయినా మధ్య ఇంతే జరుగుతుంది."

రమీజ గుమ్మంలో నిలబడి ఆ రాయి వంకే చూస్తోంది. గుమ్మానికీ ఆ రాయికీ మధ్య పీతలదిబ్బ మనుషులంతా ఉన్నారని ఆమె అనుకుంటోందని నాకు తెలిసిపోయింది. నేనూ అదే అనుకున్నాను.

మేడం అరుగు మీద కూలబడింది. "కొత్త గుంత తవ్వి లాభం లేదనుకుంటున్నా. ఇంత పెద్ద భూకంపానికి నేల నెలల ముందు నుంచే మూలగాలి. ఏడాది గీతంతా చూశాను, అద్దంలా ఉంది. చివరి గంటలో తప్ప ఒక్క మాట పలకలేదు. నా ఆలోచనే తప్పేమో. మూసేయమని రాసిస్తాను. ఇంకో మూడు దేశాలు పెట్టుకుంటామంటున్నాయి, వాళ్ళకీ వద్దని చెబుతాను."

మౌలాలి పెళ్ళాం వంక చూసి తల అడ్డంగా ఊపాడు. రమీజ చూడనే లేదు.

"మూయొద్దు మేడం. ఆ పొద్దు మధ్యాహ్నం నుంచి పలుకుతానే ఉండె. నేనే తుడిచేస్తి" అంది. అని మొత్తం చెప్పేసింది. పిల్ల పరుగులు, చుక్కలు, హాస్టల్ భయం, ఇంటి చప్పుడని రాయకుండా తుడవడం, అన్నీ. ఏడవలేదు.

మేడం తిడుతుందనుకున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే. "అంతకు ముందు నెలల్లో తుడిచినవి?"

"అవి పాపవే మేడం."

"పాప పరిగెత్తడం నువ్వు చూశావా?"

"నేను కిందుంటి గదా."

"మౌలాలీ, నువ్వు?"

"నేను కంచె కాడ ఉంటాను మేడం. నాకు అసలు తెలీనే తెలీదు."

ఆవిడ నా వైపు చూసింది. నెలకోసారి వచ్చేవాణ్ణి, నేనేం చూస్తాను? అప్పుడు అర్థమైంది, ముబీన పరుగు మాలో ఎవ్వరమూ కంటితో చూడలేదని.

"ఆ ఒక్క మధ్యాహ్నమే అయితే, అది తల్లి పొరపాటు" అంది మేడం నెమ్మదిగా. "అన్నీ అయితే, నేల నెలల నుంచి చెబుతూనే ఉంది. పాపను అడుగుదాం."

"పాపను ఏమీ అడగొద్దు మేడం, మీ కాళ్ళు పట్టుకుంటా." రమీజ గుమ్మం దిగి మేడం ముందుకు వచ్చింది. "ఏమడిగినా ఈ పొద్దు కాకపోతే పెద్దయినాక దానికి అర్థమైతాది. నెత్తినేసుకుంటాది. ఊరికే ఉరకమని చెప్పండి. సముద్రం హోరు ఎంతున్నా గుమ్మం ముందర అడుగు గీత మీద పడతాది. నేను చూస్తా. ఆ చుక్కలు నాకు కండ్లకు కట్టినట్ల ఉండాయి. అవే అయితే అవే."

మరుసటి పొద్దున రమీజా మేడమూ కిందికి దిగారు. మౌలాలి ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను ముబీనను వాకిట్లోకి తీసుకొచ్చాను.

"అమ్మీ, ఆ తెల్లరాయి దాకా ఉరికి రా పో" అన్నాను.

అది నా వంక అనుమానంగా చూసింది. "అమ్మ కిందుండాది మామా."

"అమ్మే చెప్పమనింది."

"చప్పుడైతాది."

"కానీలే."

కాసేపు తన జోళ్ళ వంక చూసుకుంది. "ఎట్ల ఉరకాల మామా?"

"ఎట్లేంది? ఎప్పుడూ ఉరికేటట్లే."

"నేనెప్పుడు ఉరికినా?"

నేను దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. పిల్లను ఏమీ అడగొద్దని చెల్లెలు మేడం కాళ్ళు పట్టుకుంటానంది, కానీ నోరు ఆగలేదు. "అమ్మ కిందికి పోయినప్పుడు ఉరికేదానివి కాదా తల్లీ?"

తల అడ్డంగా ఊపింది. "హద్దు దాటితే నన్ను పంపించేస్తారని నాయన చెప్పినాడు. అమ్మ కిందికి పోతే నేను కదల్ను మామా. అమ్మ వచ్చేదాకా కూసోనే ఉంటా."

"మరి నేనడిగిన పొద్దు నవ్వితివి గదే!"

"నువ్వు నవ్వితివి. నేనూ నవ్వితి."

కింద నా చెల్లెలు గీత మీద కళ్ళు పెట్టుకుని ఉంది. పిల్ల కాలు బెణికింది, ఈ రోజుకు వద్దు అని కేకేస్తే ఇది ఇక్కడితో ఆగుతుంది. రేపటికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఎల్లుండి వాళ్ళను మా ఇంటికి తీసుకుపోవచ్చు. రమీజ ఎప్పటికీ తెలుసుకోకుండా బతికేయొచ్చు. నిజం చెబుతున్నాను, ఆ కేక నా గొంతు దాకా వచ్చింది. ఈ పిల్ల మొహం చూసి ఆగిపోయాను. మూడేళ్ళ పిల్లలు ఎవరూ నేర్పకుండా చేసే పనిని ఎలా చేయాలో ఏడేళ్ళ పిల్ల నన్ను అడుగుతోంది. కాలు బెణికిందని చెప్పి ఇంకెన్నాళ్ళు కూర్చోబెట్టను?

దాని జోళ్ళు విప్పేశాను. ఉత్త పాదాలకు నేల తగలగానే వేళ్ళు ముడుచుకుంది. "ఇట్ల" అని నా బొజ్జ ఊపుకుంటూ నాలుగడుగులు పరిగెత్తి చూపించాను. అది పకపకా నవ్వింది. "కాళ్ళు నేలకేసి కొట్టు. గట్టిగా. పడితే పడినావులే" అన్నాను.

మొదట బాతులా పోయింది. నాలుగడుగులకే బోర్లాపడింది. లేచి, మోకాలు చూసుకుని, నా వంక చూసి, మళ్ళీ పరిగెత్తింది. రాయి దాకా పోయింది. రాయి చుట్టూ తిరిగింది. తిరిగి వచ్చేటప్పటికి కాళ్ళకు సంగతి తెలిసిపోయింది. జుట్టు ఎగురుతోంది, నోరు తెరుచుకుని ఏదో అరుస్తోంది, మాటలు కూడా కావు. నేను చప్పట్లు కొడుతున్నాను. ఏడుస్తూ కొడుతున్నాను.

రమీజ పైకి వచ్చి గుమ్మంలో నిలబడింది. వెనకాల మెట్ల మీద మేడం కనబడింది. ఆవిడ పై మెట్టు ఎక్కలేదు.

"అన్నా" అంది రమీజ. "ఇది నేనెప్పుడూ చూడలా."

ఇన్ని నెలలుగా బిడ్డ దొంగ పరుగులనుకుని మురిసిపోతూ ఆమె తుడిచినవన్నీ నేల చెప్పిన మాటలే. నేలచెవి తప్పలేదు, మేడం లెక్కా తప్పలేదు.

రమీజ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. మౌలాలి వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. ముబీన రొప్పుతూ వచ్చి తల్లి ముందు ఆగింది. మోకాలి మీద రక్తం, మొహమంతా ఎర్రటి దుమ్ము. అంత సంతోషంగా ఆ పిల్లను నేనెన్నడూ చూడలేదు.

"అమ్మా, మళ్ళా ఉరకనా?"

రమీజ కొంగుతో దాని మొహం తుడిచింది. మోకాలు తుడిచింది.

"ఉరుకు తల్లీ" అంది.